లచ్చి పిల్ల తాగిన పాలు

దయ్యాల ముచ్చట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. డెబ్బై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో శ్మశానం పక్కన పడుకున్నాను, పాడుబడ్డ బంగళాలకు కాపలా ఉన్నాను, ఒక్క దయ్యం కనబడలేదు. నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాలతో అక్షరాలు, పాత పశువైద్యం పుస్తకాలతో గుర్రాల సంగతులు నేర్చుకున్నాను. కాబట్టి నేను చెప్పేది పుకారు కాదు, కళ్లతో చూసింది.

మణికొండ అపార్టుమెంట్ల వెనక యాదగిరి గుర్రాల షెడ్డు ఉంది. బరాత్‌లకు గుర్రాలు పంపిస్తాడు, ఆదివారం పిల్లలకు స్వారీ నేర్పిస్తాడు. గుర్రాలను చూసుకునేది నేనే. పిల్లలతో వచ్చే ఆఫీసు వాళ్లు ఎప్పుడూ అడిగేవి అవే. ఎన్ని నెలలు మోస్తుంది? పదకొండు. కవలలు పుడతాయా? అరుదు, పుట్టినా బతకడం కష్టం. పిల్ల ఎప్పుడు నిలబడుతుంది? గంటలో. నేను చెప్పగానే ఫోన్ తీసి సరిచూసుకుంటారు. చూసుకోనీ.

గుర్రం ఎక్కువగా రాత్రిపూటే ఈనుతుంది. మా లచ్చి మాత్రం మొన్నటేడు శ్రావణంలో, పొద్దున తొమ్మిదింటికి, ఎదురుగా క్రేన్లు మోగుతుండగా ఈనింది. దానికి అదే తొలి కాన్పు. పిల్ల కిందపడగానే బెదిరి కాలు విసిరింది. పిల్ల గంట దాటినా లేవలేదు.

పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాను. కడప వైపు అమ్మాయి, మంచి పనిమంతురాలు. ఆరు గంటల్లో ముర్రుపాలు కడుపులో పడకపోతే బతకడం కష్టమంది. తను మియాపూర్‌లో ఇంకో కేసు దగ్గర ఉందట, పైగా వాన. లచ్చిని పిండబోతే రెండుసార్లు తన్నింది. పొదుగు మీద చెయ్యే వేయనివ్వలేదు.

ఇది చాలదన్నట్టు యాదగిరి మొహం వేలాడేసుకొని వచ్చాడు.

"కాకా, శ్రావణంల పట్టపగలు గుర్రం ఈనితే ఇంటాయనకు కీడట. పొద్దుగూకక ముందే తల్లినీ పిల్లనూ దానమియ్యమన్నడు గుడి అయ్యగారు. ట్రాలీ మాట్లాడిన."

"అది నిలబడనే లేదు. ట్రాలీ ఎక్కిస్తే సస్తది. ఇగ మీ అయ్యగారు పాలిస్తడా దానికి?"

పిల్లను తన్నకుండా నేను లచ్చిని బయట, నా కళ్లముందే వేపచెట్టుకు కట్టేశాను. మిగతా గుర్రాలు పెళ్లి బరాత్‌కు పోయాయి, పిల్ల ఒక్కటే లోపల ఉంది. షెడ్డుకు ఒకటే తలుపు. ఆ గడపలో నేను కూర్చున్నాను. కునుకు తీయలేదు.

పదకొండు దాటాక లోపల చప్పరిస్తున్న చప్పుడు వినబడింది.

తిరిగి చూస్తే పిల్ల నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. ఎడమ మూలలో, రాతి తొట్టి పక్కన, మెడ పైకి చాచి, తోక టపటపా ఆడిస్తూ తాగుతోంది. ఎదురుగా ఏమీ లేదు.

ఆ మూల మోతీది. మోతీ మా ముసలి తెల్ల గుర్రం. తల్లి లేని పిల్లలను రెండింటిని తన పాలిచ్చి సాకింది. చనిపోయి అప్పటికి రెండేళ్లు.

గుర్రప్పిల్ల చీకటి మూలల్లో మూతి పెట్టి చన్ను వెతుక్కోవడం మామూలే, అది నాకు తెలియనిది కాదు. కానీ గోడకు పాలుండవు. దగ్గరికి పోయి దాని మూతి తుడిస్తే నా వేలికి చిక్కగా, పసుపుగా, జిగటగా అంటింది. సాయంత్రం దాకా పిల్ల మళ్లీ మళ్లీ అదే మూలకు పోయింది. నేను ఆపలేదు.

డాక్టరమ్మ చీకటి పడేవేళకు తడిసి ముద్దయి వచ్చింది. తెచ్చిన పాలసీసా పెడితే పిల్ల మూతి తిప్పుకుంది. రక్తం తీసి పరీక్ష చేసి చాలాసేపు చూసింది.

"ముర్రుపాలు బాగా తాగుండాదే. యాడ్నుంచి తెచ్చి తాపినావు తాతా?"

"నేను తాపలేదమ్మా."

ఆమె లచ్చి పొదుగు దగ్గర వంగింది. ఈనేముందు చనుమొనల మీద మైనంలా గడ్డకట్టే బొట్లు రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పిల్ల నోరు పెడితే అవి నిలవవు. తనే వాటిని తడిగుడ్డతో తుడిచింది. అప్పుడు కారాయి తొలి పాలు. నేను మోతీ మూల వైపు చెయ్యి చూపించి, పొద్దుటి నుంచి చూసింది చెప్పాను.

ట్రాలీ వచ్చి గేటు దగ్గర హారన్ కొడుతోంది. యాదగిరి ఆ మూల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మోతీ సాదుకుంటున్నదాన్ని నేనెట్ల ఇయ్యాలె కాకా?" అని పోయి ట్రాలీని వెనక్కి పంపాడు.

మర్నాడు లచ్చి పిల్లను దగ్గరికి రానిచ్చింది. ఆ తర్వాత పిల్ల ఆ మూలకు పోలేదు. ఇప్పుడు ఏడాది దాటింది, పట్టుకుంటే ఆగదు. యాదగిరికి రాయిలాంటి ఆరోగ్యం.

ఉన్న పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను, ఆ పాలు ఎక్కడివో ఎందులోనూ లేదు. ఆఫీసు వాళ్లు అడిగే ప్రశ్నలన్నిటికీ చెబుతాను, ఈ ఒక్కదానికి చెప్పలేను.

లచ్చి మళ్లీ చూలుతో ఉంది. షెడ్డులో జాగా చాలడం లేదు, ఆ మూలలో గడ్డిమోపులు వేద్దామన్నాడు కొత్తగా చేరిన పనివాడు. వద్దన్నాను. దాన్ని రోజూ ఊడ్చి, పొడిగా, ఖాళీగా ఉంచుతున్నాను. నమ్మకం అనకండి. ఊడుస్తున్నాను, అంతే.