మాయమైన మా అత్తయ్య

నిరుడు వేసవిలో తెనాలిలో మ్యాజిక్ షో పెట్టారంటే వేమూరు నుంచి మావారూ, అత్తయ్యా, నేనూ వెళ్లాం. మనిషిని మాయం చేస్తానంటూ ఎవరైనా రమ్మని మెజీషియన్ పిలవగానే, మేం వద్దంటున్నా వినకుండా అత్తయ్య స్టేజీ ఎక్కేశారు. ఆవిడను నిలువెత్తు పెట్టెలో నిలబెట్టి తలుపు వేశాడు. తీసి చూపిస్తే లోపల ఎవరూ లేరు! హాలంతా చప్పట్లు.

మళ్లీ తలుపు మూసి, మంత్రదండం ఊపి తెరిచాడు. ఆవిడ రాలేదు. ఇంకోసారి ఊపాడు. అప్పుడూ పెట్టె ఖాళీయే. అతని ముఖం పాలిపోయింది. మావారు "మా అమ్మ ఏదండీ?" అంటూ స్టేజీ మీదకు పరుగెత్తారు.

అంతలో హాలు గుమ్మం దగ్గర గొడవ వినిపించింది. టికెట్ చూపించమన్న గేటు మనిషి మీద అత్తయ్య విరుచుకుపడుతున్నారు.

"టికెట్ మా కోడలి దగ్గరుందయ్యా! నన్ను మాయం చేసింది మీవాడే. కావాలంటే వాణ్ణే అడుగు!"

పెట్టె వెనక రహస్య అరలో ఉక్కపోత భరించలేక, స్టేజీ వెనక కనిపించిన తలుపులోంచి బయటికి వచ్చేశారట. జనం అదీ మ్యాజిక్కే అనుకుని లేచి మరీ చప్పట్లు కొట్టారు. మెజీషియన్ చెమట తుడుచుకుంటూ అందరికీ వంగి దండం పెట్టాడు.

ఇంట్లో రోజూ ఎంత వాదించుకున్నా, ఆ ఖాళీ పెట్టె చూసినప్పుడు నా గుండె ఎలా జారిపోయిందో నాకే తెలుసు. అత్తయ్య మాత్రం దారంతా "రేపు కూడా వద్దామే!" అంటూనే ఉన్నారు.