పేర్చడం

మా బళ్లో తెలుగు మాష్టారు సుద్దముక్కల్ని కూడా పొడవు వారీగా పెట్టెలో పెట్టుకునేవారు. పక్క గదిలో లెక్కలు చెప్పే నాకు ఆయన గొంతు వినబడేది.

"చెదిరినవి సర్దుతాం. దేని చోట దాన్ని అమరుస్తాం. ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. ఏటేటి పేరుస్తాం?"

"ఇటుకలు, పుస్తకాలు, కట్టెలు" అని పిల్లలు అరిచేవారు.

ఆయన భార్య పోయిన రోజు వంశధార ఒడ్డున ఎవరో వచ్చి, "కర్రలు సర్దీసినాం మాష్టారూ, రండి" అన్నారు.

"సర్దడం కాదురా, పేర్చడం" అన్నారాయన మెల్లగా. పక్కకు జారిన ఒక కర్రను రెండు చేతులతో సరిచేసి, ఆ తరవాతే నిప్పు పెట్టారు.

కొన్నాళ్లకు బడికొచ్చి పాత పాఠం అప్పజెప్పమన్నారు. పిల్లలు ఎప్పటిలాగే అందుకున్నారు.

"ఇటుకలు, పుస్తకాలు..."

"ఆ రెండూ సాలర్రా" అన్నారు మాష్టారు. "కూకోండి."