పదకొండో పేజీ చదివిన నర్సమ్మ

నర్సమ్మ చనిపోయిందన్న వార్త నాకు మా సంస్థ అధ్యక్షుడు ఫోన్లలో తిప్పిన పోస్టరు చూసి తెలిసింది. చేతులు జోడించిన అధ్యక్షుడి ఫోటో అందులో సగం ఉంది. ఆమె ఫోటో కింద మూలన తపాలా బిళ్లంత ఉంది. "అధ్యక్షుల వారి అడుగుజాడల్లో నడిచిన సేవామూర్తి" అని రాయించాడు. ఆమె ఆయన అడుగుజాడల్లో నడిచిందట! ఆయన అడుగు కింద పిల్లలు పడకుండా అడ్డం నిలబడిన మనిషి ఆమె. ఆ సంస్థ ఆఫీసులో పన్నెండేళ్లు టైపిస్టుగా ఉన్నాను. ఆ సంగతి నేను చెప్పకపోతే ఆ పోస్టరే చరిత్ర అయిపోతుంది.

మాది హుజూరాబాద్‌కు దగ్గరి చిన్న పట్టణం. వినపడని పిల్లల కోసం మా సంస్థ ఇక్కడ ఒక బడి, హాస్టలు నడుపుతోంది. నర్సమ్మ నర్సుగా ఉద్యోగమంతా ఉట్నూర్ ఏజెన్సీలో చేసి, రిటైరయ్యాక మా వీధిలో అద్దెకు దిగింది. జైనూర్ వైపు గూడేలకు జీపుల్లో వేలాడుతూ పోయి, సూదులు వేసి, ప్రతి ఇంటి గోడ మీదా ఆ రోజు తేదీ సుద్దతో రాసి వచ్చేదట. ఎందుకని అడిగాను.

"నేను రాకపోతే నన్నడగాలె గద బిడ్డా. గోడ మీద లేకుంటే ఏం జూసి అడుగుతరు?"

ఆ గూడేల నుంచి వినపడని పిల్లలను కొందరిని ఆమే తీసుకొచ్చి మా బడిలో చేర్చింది. అది చూసి ఆమెను కార్యవర్గంలో వేసుకున్నారు. గౌరవంతో అనుకునేరు. కార్యవర్గంలో ఒక ఆడమనిషి కూడా లేదని పైనుంచి ఎవరో అడిగారు. ఈమె అయితే తెల్లచీర కట్టుకుని ఫోటోలో కుదురుగా ఉంటుందని, నోరెత్తదని లెక్కేసుకున్నారు.

కొన్నాళ్లకు, సహాయం చేసే పెద్ద సంస్థ ఒకటి "మీకు పాలనా నియమావళి ఉండాలి" అంది. స్వచ్ఛంద సంస్థను నడిపేవాళ్లు ఎలా నడుచుకోవాలో చెప్పే నియమాలు అవి. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి ఒక సలహాదారును పిలిపించాడు. ఆయన మెరిసే అట్టతో నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. ఫంక్షన్ హాల్లో గంటసేపు తెర మీద బాణాలు, వలయాలు చూపించాడు. తర్వాత బిర్యానీ. రిటైర్డ్ లెక్చరర్, రైస్‌మిల్లు యజమాని, డాక్టరు, అందరూ ఒక్క పేజీ కూడా తిప్పకుండా సంతకాలు చేసి, పుస్తకాలు గుండెలకు ఆనించుకుని ఫోటో దిగారు. పోయేటప్పుడు వాటిలో సగం కుర్చీల్లోనే వదిలేశారు. ఏరి బీరువాలో పెట్టింది నేనే.

నర్సమ్మ మాత్రం తన పుస్తకం ఇంటికి తీసుకుపోయింది. డిక్షనరీ పెట్టుకుని, పెన్సిలుతో గీతలు గీస్తూ, రోజుకు రెండు పేజీల చొప్పున చదివింది. అర్థం కాని మాటలు కాగితం మీద రాసుకుని నా దగ్గరకు వచ్చేది.

"బిడ్డా, గీ కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అంటే ఏంది?"

"మన ఇంటోళ్లకు లాభమయ్యే ముచ్చట మీటింగు ముందుకు వస్తే, మనం ముందే చెప్పి బయటికి పోవాలె నర్సమ్మా. మనం లేనప్పుడు మిగిలినోళ్లు తేల్చాలె."

"గంతేనా? గిది మా అవ్వకు గూడ ఎరుకే. దీనికి హైదరాబాద్ నుంచి మనిషి రావాల్నా?"

ఆ మాట ఆమెకు పదకొండో పేజీలో దొరికింది.

ఆ ఏడాదే బడిని ఊరవతలకు మార్చే ప్రతిపాదన వచ్చింది. బైపాస్ రోడ్డుకు అటువైపు, లారీలు ఆగకుండా పోయే చోట, కొత్త భవనమట. ఆ జాగా అధ్యక్షుడి బామ్మర్దిది. ఊళ్లో అందరికీ తెలుసు. కార్యవర్గానికి మాత్రం ఆ రోజు బజ్జీల ప్లేట్లు తప్ప ఏమీ కనిపించలేదు.

నర్సమ్మ లేచింది. "సార్, గీ ముచ్చట అయ్యేదాంక మీరు జర బయట కూసోవాలె."

"ఎవలు, నేనా?"

"మీరే. జాగ మీ బామ్మర్దిది గద. పదకొండో పేజీల రాసున్నది. కింద మీ సంతకం గూడ ఉన్నది."

లెక్చరర్ నవ్వాడు. "నర్సమ్మా, గవన్నీ కాయితం మీదికే."

"కాయితం మీదికే అయితే సంతకం ఎందుకు వెట్టినవే అన్నా?"

అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. "ఈ సంస్థ నేను వెట్టిన. నా ఇంట్ల నన్నే బయటికి పొమ్మంటవా?"

"మీ ఇల్లే అయితే బోర్డు మీద పిల్లల పేరు ఎందుకు రాసిండ్రు సార్? మీ పేరే రాసుకునేటోళ్లు గద."

అంత చదువుకున్న మనుషులు బజ్జీల ప్లేట్లు ముందుకు లాక్కున్నారు. డాక్టరు తన ఫోను తిప్పి తిప్పి చూసుకున్నాడు. మీటింగు అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు అధ్యక్షుడు నన్ను పిలిచి, మీటింగులో ఏం జరిగిందో రాసుకొమ్మని మినిట్స్ చెప్పాడు. స్థలం మార్పు ఏకగ్రీవంగా ఆమోదించబడింది. నర్సమ్మ అనారోగ్య కారణాల వల్ల కార్యవర్గానికి రాజీనామా చేసింది. నేను టైపు చేశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాననవచ్చు. నిజానికి నాకు ఒక్క క్షణం కూడా వేళ్లు ఆగలేదు. ఆ కార్యవర్గాన్ని తిట్టే హక్కు నాకుంటే, నన్ను కలుపుకునే తిట్టాలి.

వారం తర్వాత ఆమె ఆఫీసుకు వచ్చి మినిట్స్ పుస్తకం అడిగింది. సభ్యులు ఎప్పుడైనా చూడవచ్చని నియమం. నిలబడే చదివింది.

"నాకు పానం బాగలేదట. నేను నర్సును, నాకే తెల్వలే," అంది. తర్వాత నా వైపు చూసింది. "టైపు నువ్వే జేసినవా?"

తల ఊపాను.

"ఒక్క తప్పు లేకుంట జేసినవ్ బిడ్డా."

అందులో వెటకారం లేదు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. ఆ సాయంత్రమే కూర్చుని నియమావళిలోని అసలు సంగతులు రెండు పేజీల తెలుగులో టైపు చేసి ఆమె చేతిలో పెట్టాను. సభ్యులు కొందరు సంతకాలు చేస్తే సర్వసభ్య సమావేశం పెట్టి తీరాలన్న నియమమూ అందులో ఉంది. పిల్లల తల్లిదండ్రులంతా సంస్థ సభ్యులే. ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

నర్సమ్మ ఆ రెండు పేజీలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మోకాళ్ల నొప్పులతోనే బస్సెక్కి, జీపెక్కి, జైనూర్ దాకా పోయి సంతకాలు తెచ్చింది. ఒక తల్లి ఆమెతో అన్న మాట తర్వాత నాకు చెప్పింది: "గా రోడ్డు ఎట్ల దాటుతదమ్మా నా బిడ్డ? లారీ హారన్ ఇనపడదు గద." ఆ ఒక్క మాట కార్యవర్గంలో ఏ ఒక్కడికీ తట్టలేదు.

సమావేశానికి తల్లిదండ్రులతో హాలు నిండింది. అధ్యక్షుడు సన్మానానికి వచ్చినట్టు వచ్చాడు. నర్సమ్మ పదకొండో పేజీని తెలుగులో చదివింది. చదివాక కూర్చుంది. వెనక నుంచి ఒక తండ్రి లేచాడు.

"సార్, మీరు బయట కూసోండ్రి. మేం మాట్లాడుకొని పిలుస్తం."

అధ్యక్షుడు తన కార్యవర్గం వైపు చూశాడు. వాళ్లు నేల చూశారు. ఆయన పోయి కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. బడి ఇక్కడే ఉండాలన్న వాళ్లు చేతులెత్తమంటే, అందరికన్నా ముందు లేచిన చెయ్యి లెక్చరర్‌ది. అబద్ధపు రాజీనామానూ ఆ రోజే కొట్టేశారు.

బడి కదల్లేదు. అధ్యక్షుడూ కదల్లేదు. ఒకరు రెండు విడతలకు మించి పదవిలో ఉండరాదని నియమావళిలో ఉంది. అందుకని ఆయన "వ్యవస్థాపక శాశ్వత అధ్యక్షుడు" అనే కొత్త పదవి పుట్టించుకున్నాడు. శాశ్వతం అన్న మాట నలభై పేజీల్లో ఎక్కడా లేదు కాబట్టి తప్పేం లేదట. కార్యవర్గం చప్పట్లు కొట్టింది. నర్సమ్మ మాత్రం తన రెండో విడత అయిన రోజే వచ్చి, "ఇగ నేను దిగాలె బిడ్డా, వేరేటోళ్లు రావాలె," అని, ఆ సమావేశం నాటి నుంచి తన దగ్గరే ఉంచుకున్న మినిట్స్ బీరువా తాళం నా బల్ల మీద పెట్టి పోయింది. ఆ నియమం పాటించిన మనిషి మా సంస్థలో ఇప్పటికి ఆమె ఒక్కతే. నేనూ ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను.

మొన్న బడిలో సంతాప సభ పెట్టారు. పిల్లలందరినీ ముందు వరసల్లో కూర్చోబెట్టారు. సైగల టీచరును మాత్రం పూలదండలు అందించే పనికి పెట్టారు. శాశ్వత అధ్యక్షుడు మైకు పట్టుకుని అరగంట మాట్లాడాడు. ఎవరి కోసం మాట్లాడాడో ఆయనకే తెలియాలి. కాసేపు చూసి పిల్లలు ఆయన మీద నుంచి కళ్లు తిప్పుకున్నారు. మొదటి వరసలో ఒక పాప పక్కపిల్ల వైపు తిరిగి, తన ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, నాడి చూస్తున్నట్టు పట్టుకుంది. వాళ్ల సైగల్లో నర్సమ్మ పేరు అదేనని టీచరు నాకు చెప్పింది. పక్కపిల్ల కూడా పట్టుకుంది. వెనక వరస, దాని వెనక వరస. మైకులో గొంతు సాగుతూనే ఉంది. పిల్లలంతా తమ తమ మణికట్లు పట్టుకుని, కదలకుండా కూర్చున్నారు.