మొలతాడుకు సుల్తాను నాణెం

కావలి నుంచి జువ్వలదిన్నె పోయే షేర్ ఆటోలో కూర్చున్నాక, మనిషికి మోకాళ్లుంటాయని దాన్ని తయారుచేసినవాళ్లకు ఎవరూ చెప్పలేదనిపించింది. నా పక్కన ఒక పెద్దావిడ, ఆవిడ ఒళ్లో చంటి మనవడు. వాడి మొలతాడుకున్న వెండి బిళ్ల గుంత వచ్చినప్పుడల్లా నా మోచేతిని పొడుస్తోంది.

నాకు పాత నాణేలు పోగేసే జబ్బుంది. వంగి చూశాను. అరబ్బీ అక్షరాలు, ఆరు కోణాల నక్షత్రం. వందేళ్లు దాటిన మొరాకో సుల్తాను నాణెం.

“ఇదెక్కడిదమ్మా?”

“మా ఆయన ఓడ పనికి పోయినప్పుడు తెచ్చినాడు. దావీదు నక్షత్రం గదా, పాస్టరు గారు గూడా ఏమీ అన్లా.”

అది ముస్లిం సుల్తాను వేయించిందనీ, ఆ గుర్తును అక్కడ సులేమాను ముద్ర, అంటే సొలొమోను ముద్ర, అంటారనీ చెప్పాను.

“సొలొమోను దావీదు కొడుకే గద నాయనా. ఇంట్లోవాళ్లే.”

బిళ్లను వేళ్లతో పట్టుకుని తిప్పి చూశాను. కొక్కెం అతికించడానికి కంసాలి నాణెం అంచు కరిగించేశాడు. అది మాత్రం చూడలేకపోయాను.

“నాకివ్వమ్మా, అద్దాల పెట్టెలో భద్రంగా పెడతాను. పిల్లాడికి కొత్త వెండి బిళ్ల చేయిస్తాను.”

ఆవిడ నాణేన్ని పిల్లాడి చొక్కా కిందికి తోసేసింది.

“వీడు నెలలు నిండకముందే పుట్టినాడు. బతుకుతాడో లేదోనని నెల్లూరు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టినారు. బయటికి తెచ్చుకున్న దినం కట్టిన బిళ్ల ఇది. నా దగ్గర ఇంకోసారి పెట్టె మాట ఎత్తబాక.”