వెనకాల తలుపు

ఇంజెక్షన్ మందులు చేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ తలుపులాయన అంటారు. మందు నింపే గదిలోకి వెళ్లాలంటే రెండు తలుపులు దాటాలి. మధ్యలో చిన్న గది. మొదటి తలుపు పూర్తిగా మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. బయటి దుమ్ము నేరుగా లోపలికి పోకుండా ఆ ఏర్పాటు. అలాంటి జతలు పద్నాలుగు. వాటి బాగోగులు చూసేది ఆయనొక్కడే. ఇరవై రెండేళ్లుగా రోజంతా అనే మాట ఒకటే: "ముందు వెనకాల తలుపు వెయ్యండి బాబూ." వినే నాథుడు లేడు. వెనకది ఓరగా వదిలేసి, ముందున్నదాన్ని గుంజి గుంజి, తలుపు పాడైందని ఫోన్ చేస్తారు. ఈయన వెళ్లి వెనకది మూసి రావడమే రిపేరు. ఆ రిపేరుకే సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చేది.

ఇంటికొస్తే అక్కడా తలుపుల గోలే. అమ్మకు మతిమరుపు ముదిరింది. రెండుసార్లు చెప్పాపెట్టకుండా రోడ్డెక్కేసింది. రెండోసారి లారీవాడు బ్రేకు వేయబట్టి సరిపోయింది. "తాళం వేద్దామండీ, నావల్ల కావట్లేదు," అంది భార్య. ఆమె వెనక గదిలో జాకెట్లు కుడుతుంది. మిషన్ చప్పుడులో అత్తగారి అడుగులు వినపడవు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. కన్నతల్లిని తాళం వేసి ఉంచడానికి చేతులు రాలేదు.

ఫ్యాక్టరీలో తీసేసిన, తలుపుల జతను నడిపే పాత కరెంటు పెట్టె ఒకటి దీపాలతో సహా అడిగి తెచ్చుకుని, హాలు తలుపుకీ వరండా ఊచల తలుపుకీ జత కట్టాడు. హాలు తలుపు మూస్తేనే ఊచల తలుపు తెరుచుకుంటుంది. మూయకుండా లాగితే బజర్ మోగుతుంది, కోడలు లేచొస్తుంది. ఆయన ధీమా అంతా ఒక్కటే: అమ్మ బుద్ధెరిగాక వెనకాల తలుపు వేసిన పాపాన పోలేదు. బీరువా కానీ, వంటిల్లు కానీ, బార్లా తెరిచి వెళ్లిపోవడమే. చిన్నప్పట్నుంచీ ఆమె వెనకాల తిరుగుతూ మూసింది ఈయనే. మూసి మూసి అదే ఉద్యోగమైందని భార్య ఎగతాళి చేసేది.

నాలుగు నెలలు నిశ్చింతగా గడిచాయి. ఒక మధ్యాహ్నం మందు గదిలో ఉండగా గోడకున్న ఫోన్ మోగింది. భార్య.

"అత్తయ్య ఇంట్లో లేదండీ."

"బజర్ మోగలేదా?"

"లేదు. హాలు తలుపు చక్కగా వేసుంది."

ఫోన్ పెట్టేశాడు. మధ్య గదిలోకి వచ్చాడు. వెనకాల తలుపు దాని తీరికన అది మూసుకుంది. ఎర్ర దీపం పచ్చగా మారడానికి పది సెకన్లు. ఆ పది సెకన్లు పెట్టింది తానే. ఇన్నేళ్లూ జనాన్ని నిలబెట్టినట్టే తానూ నిలబడ్డాడు. అమ్మ రోడ్డు మీద ఉందని దీపానికి చెప్పలేడు కదా.

ఇంటికి రెండు సందుల అవతల, పంక్చర్ షాపు ముందు స్టూలు మీద కూర్చుని కనిపించింది. షాపతను ఇచ్చిన నీళ్లు తాగుతోంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది.

"ఎలా వచ్చావమ్మా బయటికి?"

ఆమె ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

"తలుపు వేసి వచ్చాను బాబూ. మా అబ్బాయి పొద్దస్తమానం తలుపులు వేసి వేసి అలిసిపోయి వస్తాడు. మళ్లీ ఇంట్లో నా వెనకాల తిరగాలి. పాపం, ఇవాళ ఒక్కటైనా నేనే వేద్దామని."

"మరి ఎక్కడికి బయల్దేరావు?"

"వాడికి ఎదురెళ్దామని."

ఆయన ఆమెను స్టూలు మీంచి లేపాడు. చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. దారిలో ఇనప సామాన్ల కొట్టు దగ్గర ఆగి తాళం కొన్నాడు. అమ్మ దాన్ని చూసి గట్టిదేనని మెచ్చుకుంది.

మర్నాడు పొద్దున డ్యూటీకి బయల్దేరి వరండాలోకి అడుగుపెట్టాడు. హాలు తలుపు వేయడానికి వెనక్కి తిరిగేసరికి అది అప్పటికే మూసుకుంటోంది. పచ్చదీపం వెలిగింది. బయటికెళ్లి ఊచల తలుపు దగ్గరికి లాగాడు. ఒక తాళంచెవి రాత్రే భార్యకిచ్చాడు. రెండోది జేబులో ఉంది. తాళం గొళ్లేనికి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు.

"వేసేశాను బాబూ," అంది లోపల్నుంచి అమ్మ. "నువ్వు నిశ్చింతగా వెళ్లు."

ఆయన తాళం నొక్కాడు.