శీలావతి కాని శీలావతి: గుణుపురం చెరువులో ఒక పూట

పదేళ్ళుగా గాలం వేస్తున్నవాడికి బొచ్చెకీ శీలావతికీ తేడా తెలీదని ముఖం మీదే అనేశారండీ! కొలాబ్ జలాశయంలో పట్టిన చేప ఫొటో మా గాలాల వాట్సాప్ గ్రూపులో పెట్టి బొచ్చె అని రాశాను. ఒకాయన శీలావతి అన్నాడు, ఇంకొకాయన రెండూ కలిసిన సంకరం అన్నాడు. ఒళ్ళు మండింది. ఎవరో గుణుపురం గౌరప్ప పేరు చెబితే (అప్ప అంటే అటువైపు అక్క), తేల్చుకుందామని రాయగడలో అయిదున్నర బస్సెక్కాను.

టికెట్టు నూటచిల్లర రూపాయలు. ఎనిమిదింటికి గుణుపురంలో దిగి, ముప్ఫై రూపాయల షేరాటోలో వంశధార ఒడ్డుకి బయల్దేరాను. గౌరప్ప అక్కడ చేపగుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్ముతుంది. "ఆయమ్మ మూతి తడిమి జాతి సెప్పేస్తాది బాబూ" అన్నాడు ఆటో అతను. నేను నమ్మలేదు.

వానలకి ముందు తల్లిచేపల్ని ఏరే రోజది. మొగుడు సింహాద్రి చెరువులో వల లాగుతుంటే, గౌరప్ప నడుంలోతు నీళ్ళలో నిలబడి, చేప కళ్ళ మీద తడి గోనె కప్పి, బొటనవేలితో కింది పెదవి తడుముతోంది. బొచ్చెకి తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది, పెదవి నున్నన. శీలావతికి తల చిన్నది, పెదవి అంచున సన్నటి కుచ్చు. "మరి కలిసినదైతే అప్పా?" అన్నాను. "తల మధ్యస్తం, ఒళ్ళు ఎడల్పు, కుచ్చు ఉన్నట్టూ లేనట్టూ ఉంటాది. కంటికి దొరకదు తమ్ముడా, ఏలికి దొరుకుతాది." నేనూ తడిమాను. అయిదింటిలో మూడు తప్పు. "ఏటి తమ్ముడా, గాలం నువ్వు సేపకేస్తావా, సేప నీకేస్తాదా?" అని పకపకా నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, ఏం వేలండీ అది!

అప్పుడు వలలోకి లచ్చిమి వచ్చింది. మూడేళ్ళుగా గౌరప్ప చేతి తవుడు తిని పెరిగిన పెద్ద శీలావతి. తడిమింది. ఆగి మళ్ళీ తడిమింది. "ఇది శీలావతి కాదు. కలిసిపోయినాది."

సింహాద్రి తల దించుకున్నాడు. "పోయినేడు ఏరిన రోజు నీకు జ్వరం. బాగా ఎదిగినాది కదా అని నానే తల్లుల్లో ఏసేసేను." ఆవిడ గట్టు మీద కూలబడి ఏడ్చింది. సంకరం తినడానికి బాగానే ఉంటుంది, కానీ తల్లిగా ఉంచితే ఆ చెరువులో శుద్ధమైన జాతి పోతుంది. లచ్చిమి పిల్లల్ని కొన్న బంధుగాం ఊరి రైతు వాటినే తల్లులుగా పెంచుకుంటున్నాడు. "సెప్పకే, ఎవులికి తెలుస్తాది? మళ్ళీ మన కాడ కొనడు" అన్నాడు సింహాద్రి. ఆవిడ అప్పటికే ఫోను తీసింది. "బాబూ, నాను గౌరిని. పోయినేడు నీకిచ్చిన పిల్లలు మంచివి కావు. తిను, అమ్ముకో, తల్లిగా మాత్రం ఉంచకు. తప్పు మాదే." అవతలాయన ఆలోచిస్తానని ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం లచ్చిమి పులుసు. సిగ్గులేకుండా రెండోసారి వేయించుకున్నాను. గౌరప్ప మాత్రం చారు పోసుకుని తినేసింది.

నా ఫొటో చేప సంగతి తేలనేలేదు, ఫొటోని వేలితో తడమలేం కదా! తిరుగు బస్సులో చేపల కంటే ఆవిడే ఎక్కువ గుర్తొచ్చింది. కళ్ళారా చూసి కూడా పోల్చుకోలేని నాకు ఆ వేలంటే గౌరవం, ఆ ఫోనంటే ఇంకా గౌరవం. వెళ్ళాలనుకుంటే వానలకి ముందు, ఎండెక్కకుండా వెళ్ళండి. ఎక్కడైనా సరే, పిల్లల్ని కొనేముందు తల్లిచేపల్ని చూపించమని అడగండి. గౌరప్ప దగ్గర అడగక్కర్లేదు, తన తప్పు కూడా తనే చెబుతుంది.