పోతున్నా ఆంటీ

లండన్ హేస్‌లో మా పక్క ఫ్లాట్ తెలుగువాళ్ల కుర్రాడు గ్యాంగ్‌స్టా ర్యాపర్. వీడియోల్లో ముఖానికి నల్ల మాస్కు, పాటల నిండా కత్తులు, బూతులు. మా ఇంటికొస్తే మాత్రం బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చేవాడు. లేచేటప్పుడు మాత్రం తనకొచ్చిన ఒక్క తెలుగు ముక్క అనేవాడు.

"పోతున్నా ఆంటీ."

"పోవడమేంట్రా, శుభమా అని! వెళ్లొస్తాననాలి."

"సేమ్ థింగ్ ఆంటీ."

"సేమ్ కాదు. వెళ్లొస్తానంటే మళ్లీ వస్తావని."

నవ్వేసి పోయేవాడు.

పేరొచ్చింది. పేరుతోపాటు, అతని పాటల్లో తిట్లు తిన్నవాళ్లు నిజంగానే వెతుక్కుంటూ రావడం మొదలైంది. ఆ శనివారం షోకి బయల్దేరుతూ మా తలుపు తట్టాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, కూడబలుక్కుంటూ అన్నాడు.

"వెళ్లొస్తాను, ఆంటీ."

ముచ్చటేసి బుగ్గ పుణికాను.

షో అయ్యాక కార్ పార్క్‌లో పొడిచేశారు.

దహనం రోజు వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వెళ్లేటప్పుడు మీకేమైనా చెప్పాడా అక్కా?"

"చెప్పాడమ్మా," అన్నాను. "ఈసారి సరిగ్గానే చెప్పాడు."